జేబులో కంప్యూటర్, గోడకు టీవీ, మధ్యన తీగ

మందస నుంచి మెంటాడ దాకా ఏ ఊళ్లోకెళ్లినా, ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లో ఫోనుంటుంది, గోడకు టీవీ ఉంటుంది. కంప్యూటర్ మాత్రం చాలా ఇళ్లలో ఉండదు. అలాంటి ఇంటి పిల్ల మొదటిసారి మౌస్ మీద చెయ్యి వేసేది ఒక్కోసారి పరీక్ష హాల్లోనే. మన ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) 2017 నుంచీ కంప్యూటర్ మీదే నడుస్తోంది. 16,347 పోస్టుల కోసం 2025లో పెట్టిన మెగా డీఎస్సీ కూడా అంతే. ఫోను మీద కళ్లు మూసుకుని టైపు చేసే పిల్లలు కీబోర్డు ముందు కూర్చుంటే ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటారు.

ఆ ఫోనునే టీవీకి తగిలించి కంప్యూటర్‌లా వాడుకోకూడదా? వాడుకోవచ్చు. మోటరోలా 2011లోనే ఏట్రిక్స్ ఫోనుకు లాప్‌టాప్‌లాంటి డాక్ ఒకటి తయారుచేసి అమ్మింది. మైక్రోసాఫ్ట్ 2015లో లూమియా 950తో మళ్లీ ప్రయత్నించింది. రెండూ మూలన పడ్డాయి. 2017లో గెలాక్సీ ఎస్8తో శాంసంగ్ తెచ్చిన డెక్స్ మాత్రం బతికి బట్టకట్టింది. ఇప్పుడు గూగుల్ కూడా శాంసంగ్‌తో కలిసి ఆండ్రాయిడ్‌లోనే ఈ ఏర్పాటు చేస్తున్నామని 2025లో ప్రకటించింది.

సోంపేటలో మా అప్ప ఇంట్లో ఇది చేసి చూపించాను. ఫోనుకు చిన్న హబ్బు, హబ్బు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ తీగ, పక్కన కీబోర్డు, మౌస్. సీరియల్ ఆగిపోయి టీవీ తెర మీద కంప్యూటర్‌లాగే కింద పట్టీ, ఒకదాని పక్కన ఒకటి కిటికీలు తెరుచుకున్నాయి. "ఏటి మావా, ఫోనంతా టీవీలోకెళ్లిపోయిందేటి?" అంది మేనకోడలు. ఆ పూటే దరఖాస్తుకు బయోడేటా టైపు చెయ్యడానికి కూర్చుంది. సగంలో నాకు ఫోనొచ్చింది. చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప మాట్లాడినట్టుండదు కదా, తీగ పీకి వీధరుగు మీదకెళ్లాను. లోపల టీవీ మీద 'నో సిగ్నల్'. సీరియల్ పోయింది, బయోడేటా పోయింది అని అప్ప నవ్వు.

అసలు చిక్కు అక్కడే కనపడింది. లాప్‌టాప్ ఇంటిది, ఫోను మనిషిది. ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనూ పనికెళ్లే తండ్రి జేబులో ఉంటే, అతనితో పాటే పిల్ల కంప్యూటర్ కూడా చెన్నై రైలెక్కేస్తుంది. అందరి దగ్గరా ఫోనుంది కాబట్టి అందరి దగ్గరా కంప్యూటర్ ఉన్నట్టే అనే మాట నాకు అందుకే నచ్చదు.

రెండో చిక్కు కంటికి కనపడదు. టైప్-సి రంధ్రం అన్ని ఫోన్లకూ ఒకేలా ఉంటుంది. అందులో 24 పిన్నులకు చోటుంది. బొమ్మ బయటికి రావాలంటే వాటిలో వేగంగా పనిచేసే జతల్ని ఫోను లోపల చిప్పు దాకా కలపాలి. చవక ఫోన్లలో చాలావాటికి ఆ లంకె ఉండదు. చార్జింగ్ ఎక్కుతుంది, పాటలు ఎక్కుతాయి, కీబోర్డు, మౌస్ కూడా పనిచేస్తాయి. బొమ్మ మాత్రం రాదు. మామూలు హబ్బు ఎంత ఖరీదైనది కొన్నా రాదు. ఐఫోన్ 15 మొదలుకొని బొమ్మ వస్తుంది గానీ, చేతిలో ఉన్న తెరే టీవీలో పెద్దదై కనిపిస్తుంది, అంతే. తీగ లేకుండా టీవీకి పంపొచ్చు గానీ, మౌస్ కదిపిన కాసేపటికి గాని బాణం కదలదు. సినిమాకు సరే, టైపింగుకు విసుగు.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ 5,18,740 ట్యాబులిచ్చింది. తెర 8.7 అంగుళాలు. వాటిలోంచి కూడా తీగ వేసి టీవీకి బొమ్మ పంపే వీల్లేదు. పాఠం వినడానికి ఇచ్చినవే అనుకోండి. అయినా ఆ టెండరు కాగితంలో 'బొమ్మ బయటికి రావాలి' అని ఒక్క షరతుంటే ధర కొంత పెరిగేదేమో గానీ, ట్యాబు అందుకున్న ప్రతి పిల్లా ఇంటి టీవీ ముందు కూర్చుని టైపు నేర్చుకునే దారి ఉండేది. మళ్లీ ఎవరైనా ట్యాబులు కొనేటప్పుడు ఈ షరతు పెట్టమనే నా కోరిక.

అందాకా తెర పగిలిన ఫోను మంచి దారి. ఎస్8 తర్వాత వచ్చిన శాంసంగ్ ఎస్ రకం ఫోన్లు తెర పగిలితే రిపేరు ఖర్చుకు భయపడి బీరువాలో పడేస్తారు, లేదా వచ్చినకాడికి అమ్మేస్తారు. ఎస్ రకం పేరుతో వచ్చే ఎఫ్‌ఈ లాంటి ఫోన్లైతే మాత్రం బొమ్మ వస్తుందో లేదో ముందే చూసుకోవాలి. పగిలిన తెరతో టీవీకి పనేం లేదు. సిమ్ తీసేసి, వైఫై ఇచ్చి, టీవీ వెనక పెట్టేస్తే అది ఇంటి కంప్యూటరే, ఎవరి జేబులోకీ వెళ్లదు. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోనైతే అందులో ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు పెట్టకండి. వేసవిలో ఫోను వేడెక్కుతుంది, కవరు తీసి ఫ్యాను గాలి తగిలేలా ఉంచండి. కరెంటు పోతే ఫోను బతికే ఉంటుంది గానీ టీవీ ఆరిపోతుంది. తిత్లీ తుపాను తర్వాత రోజుల తరబడి చీకట్లో ఉన్న ఉద్దానం వాళ్లకు ఆ తేడా నేను చెప్పక్కర్లేదు, ఈ విషయంలో లాప్‌టాప్‌దే పైచెయ్యి.

కొత్త ఫోను కొనేవాళ్లు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగాక, "టీవీకి తీగ పెడితే బొమ్మొస్తాదా?" అని కూడా అడగండి. షాపతను ఔనంటే అక్కడున్న టీవీకే పెట్టి చూపించమనండి.

— నాగావళి