పూచీ ఎవరిదో తేలకుండా 114 విమానాలా?

మరో 114 రఫేల్ యుద్ధవిమానాలు కొనాలన్న ఆలోచన బలంగా ముందుకు సాగుతోంది. వాటిలో ఎక్కువ భాగం మన గడ్డమీదే తయారవుతాయంటున్నారు. సంతోషమే. కానీ సంతకాలు పడకముందే ప్రభుత్వం నోటితో చెప్పించుకోవాల్సిన మాట ఒకటుంది. ఇక్కడ కట్టిన విమానంలో రేపు లోపం బయటపడితే పూచీ ఎవరిది?

సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే ఒకసారి దెబ్బతిన్నాం. 2007లో 126 యుద్ధవిమానాలకు టెండర్లు పిలిచారు. 2012 జనవరిలో రఫేల్‌ను ఎంపిక చేశారు. 18 విమానాలు ఫ్రాన్స్‌లో తయారై రావాలి, మిగిలిన 108 ప్రభుత్వరంగ సంస్థ హెచ్‌ఏఎల్ ఇక్కడ కట్టాలి. మూడేళ్లు బేరాలు సాగాయి. హెచ్‌ఏఎల్ కట్టే 108 విమానాలకు తాము పూచీ పడబోమని రఫేల్ తయారీ సంస్థ డస్సో తెగేసి చెప్పింది. పని గంటల లెక్కా కుదరలేదు. ఫ్రెంచి వారి అంచనాకు హెచ్‌ఏఎల్ అంచనా 2.7 రెట్లు ఉందని 2018లో సుప్రీంకోర్టుకు కేంద్రమే చెప్పింది. చివరికి 2015 ఏప్రిల్‌లో ప్యారిస్‌లో 36 విమానాల కొనుగోలు ప్రకటించారు, 2016 సెప్టెంబరులో 787 కోట్ల యూరోలకు ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత దేశమంతా ధర గురించి, ఆఫ్‌సెట్ భాగస్వామి గురించి తగువులాడుకుంది. అసలు బేరం ఎక్కడ చెడిందన్నది మరుగున పడింది. తగ్గిన 90 విమానాల లోటు మాత్రం వైమానిక దళం నెత్తిన మిగిలింది.

ఆ లోటే ఇప్పుడు మనల్ని తొందరపెడుతోంది. 42 స్క్వాడ్రన్లు ఉండాల్సిన చోట, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21లకు వీడ్కోలు పలికాక 29 మిగిలాయి. అవసరం మనదని అమ్మేవాడికి తెలిశాక బేరంలో మన మాటకు బలం ఉండదు. గడువు కోసం నాణ్యతను వదులుకునే ప్రమాదం సరిగ్గా ఇప్పుడే ఉంది.

హెచ్‌ఏఎల్ కట్టే తేజస్ అనుభవం కళ్లముందే ఉంది. 83 మార్క్-1ఎ విమానాలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకున్నారు. 2024 మార్చి నాటికి అప్పగింత మొదలవ్వాలి. 2025 ముగిసినా వైమానిక దళం చేతికి ఒక్కటీ రాలేదు. దీనికి అమెరికా నుంచి రావాల్సిన ఎఫ్404 ఇంజిన్ ఒక పెద్ద కారణం. మనం అంతకుముందు ఇచ్చిన 65 ఇంజిన్ల ఆర్డరు 2016లో పూర్తయింది. కొత్త ఆర్డరు లేకపోవడంతో జీఈ సంస్థ ఆ ఉత్పత్తిని ఆపేసింది. 2021లో మనం 99 ఇంజిన్లు కావాలన్నప్పుడు, అయిదేళ్లు మూతపడిన ఆ లైన్‌ను తిరిగి నడిపించాల్సి వచ్చింది. చెదిరిపోయిన సరఫరాదారులను మళ్లీ కూడగట్టాల్సి వచ్చింది. 2023లో రావాల్సిన మొదటి ఇంజిన్ 2025 మార్చిలో వచ్చింది. ఆర్డర్ల మధ్య అయిదేళ్ల ఖాళీ వదిలింది మనమే. తప్పంతా అమెరికా మీదకు నెట్టేస్తే ఇదే మళ్లీ జరుగుతుంది. ఒప్పందాలపై సంతకాలు చేసేటప్పుడే అవి గడువుకు రావని చాలాసార్లు తెలుస్తుంటుందని 2025 మేలో సాక్షాత్తూ వైమానిక దళాధిపతే బహిరంగంగా అన్నారు. ఇంతకన్నా పెద్ద హెచ్చరిక ఎవరు చేయాలి?

నాణ్యత అంటే ఏమిటో చూడాలంటే మన ఆదిభట్లకు వెళ్లాలి. అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలేజ్‌లు అక్కడే తయారవుతున్నాయి. రఫేల్ ఫ్యూజలేజ్‌లను కూడా హైదరాబాద్‌లో తయారు చేసేందుకు 2025 జూన్‌లో డస్సో, టాటా ఒప్పందం చేసుకున్నాయి. ఇలాంటి షాపుల్లో షిఫ్టు దిగే ప్రతి టెక్నీషియన్ తన పనిముట్లన్నీ లెక్క అప్పజెప్పాలి. ఒక్క డ్రిల్ బిట్ కనిపించకపోయినా అది దొరికేదాకా ఆ విమానం కదలకూడదు. రివెట్ కోసం వేసిన రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా, దాని అంచున చిన్న రజను మిగిలినా, కొన్ని వందల గంటలు ఎగిరాక పగులు అక్కడే మొదలవ్వొచ్చు. అందుకే ఇన్‌స్పెక్టర్ ముద్ర పడనిదే పని ముందుకు పోకూడదు. నెలకు ఇన్ని విమానాలు బయటికి రావాలని పైనుంచి ఒత్తిడి వచ్చిన రోజున, ఆ ఇన్‌స్పెక్టర్ 'ఆపండి' అనగలడా, అంటే ఆగుతుందా అన్నదే అసలు పరీక్ష.

గతంలో ఆగలేదు. తేజస్ మొదటి రకంలో 53 లోపాలకు మినహాయింపులో, సడలింపులో ఇచ్చారని 2015లో కాగ్ తప్పుపట్టింది. 2019 ఫిబ్రవరి 1న ఆధునికీకరించిన మిరాజ్-2000ను పరీక్షిస్తూ బెంగళూరులో ఇద్దరు పైలట్లు చనిపోయారు. 2025 నవంబరులో దుబాయ్ ఎయిర్ షోలో తేజస్ కూలి మరో పైలట్ ప్రాణం పోయింది. కారణాలు తేల్చాల్సింది దర్యాప్తులే. తయారీ లోపమనో పైలట్ పొరపాటనో ఎవరికి వారు తీర్పులు చెప్పడం చనిపోయిన వారికి అన్యాయం చేయడమే. కానీ తేలిన కారణాలు ప్రజలకు తెలియకుండా ఫైళ్లలోనే ఉండిపోతే, అవే లోపాలు తర్వాతి విమానంలోకి చేరవని ఎవరు చెప్పగలరు?

కాబట్టి ఇక్కడ కట్టే ప్రతి రఫేల్‌కూ, ముక్కు నుంచి తోక దాకా, ఒకే ఒక్కరు పూచీ పడాలని ఒప్పందంలో స్పష్టంగా రాయించాలి. ఫ్యూజలేజ్ ఒకరిది, ఇంజిన్ మరొకరిది, కూర్పు ఇంకొకరిది అంటే తిలాపాపం తలా పిడికెడు అవుతుంది. అలా ఒక్కరు పూచీ పడాలంటే ఖర్చు పెరుగుతుంది, డస్సో అదనంగా అడుగుతుంది. ఇచ్చి తీరాలి. నాణ్యత తనిఖీ చేసే డీజీఏక్యూఏ అధికారులకు ఉత్పత్తిని ఆపే అధికారం ఉండాలి. వారిపై ఒత్తిడి తెచ్చినవారు జవాబు చెప్పుకోవాలి. ఏ విమానానికి ఎన్ని సడలింపులిచ్చారో ఏటా కాగ్ ముందుంచాలి. ఇంజిన్లు, విడిభాగాలు ఆలస్యమైతే జరిమానా ఎంతో ముందే తేల్చుకోవాలి.

సంతకం పడ్డాక వీటిలో ఒక్కటీ అడగలేం. పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఒప్పంద ముసాయిదాలోని పూచీ నిబంధనలను ఇప్పుడే తెప్పించుకుని చూడాలి. హైదరాబాద్‌కు రఫేల్ ఫ్యాక్టరీ వస్తోందని సంబరపడ్డ తెలుగు ఎంపీలు పార్టీలకతీతంగా ఈ ప్రశ్నను సభలో వేయాలి, రక్షణ మంత్రి దగ్గర రాతపూర్వక సమాధానం రాబట్టాలి.