నీరసం కాదు... అది ఆకలి!

పోయినేడాది ఏప్రిల్‌లో ఒకరోజు. ఉదయం పదకొండు గంటలు. మావారు ఆఫీసుకి, అబ్బాయి కాలేజీకి వెళ్లిపోయారు. నేను వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడి, జంతికల డబ్బా మూత తీసి, ఒకదాని తర్వాత ఒకటి నములుతున్నాను. రుచి కోసం కాదు. వాటిలో వాము ఎక్కువైందని వండిన రోజునే అనుకున్నాను. అయినా చెయ్యి ఆగడం లేదు. ఇంతలో కాలింగ్ బెల్ మోగింది. గబుక్కున మూత పెట్టి, డబ్బాని బియ్యం డ్రమ్ము వెనక్కి తోసి, మూతి తుడుచుకుని వెళ్లి తలుపు తీశాను. ఇస్త్రీ బట్టలబ్బాయి!

తలుపు వేశాక నవ్వొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. నా ఇంట్లో, నేను వండిన జంతికల్ని, నలభై తొమ్మిదేళ్ల నేను దొంగచాటుగా తినడమేమిటి? ఎవరికి భయపడి దాచినట్టు?

సంగతి ఆ ఏడు జనవరిలో మొదలైంది. పరగడుపున చేయించిన రక్తపరీక్షలో షుగర్ 112 వచ్చింది. "ఇంకా జబ్బు కాదు, అంచున ఉన్నారు. రోజూ నడవండి. కాస్త బరువు తగ్గండి" అన్నారు డాక్టరమ్మగారు. సరే అని బూట్లు కొనుక్కున్నాను. తెల్లవారుజామున అయిదున్నర నుంచి ఆరుంబావు వరకు మా కాలనీ పార్కులో వడివడిగా నడక. మొదటివారం గాల్లో తేలిపోయాను. రెండో వారం నుంచి ఆకలి మొదలైంది. మామూలు ఆకలి కాదు. పదిన్నర, పదకొండు అయ్యేసరికి కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టు, ఎదురుగా ఏది కనిపిస్తే అది నోట్లో వేసుకోవాలనిపించే ఆకలి. ఆకలి రుచెరుగదన్నారు పెద్దలు. లెక్క కూడా ఎరగదని నేను కలుపుతాను.

జంతికల ఉదంతం జరిగిన వారంలోనే, ఆదివారం బరువు చూసుకున్నాను. మూడు నెలలు నడిచిన మనిషిని, తగ్గకపోగా రెండు కిలోలు పెరిగాను! "నువ్వు నడవడానికి వెళ్తున్నావా అమ్మా, ఆకలి తెచ్చుకోవడానికి వెళ్తున్నావా?" అన్నాడు మావాడు. వాళ్ల నాన్న నవ్వారు. నేనూ నవ్వాను. కానీ మర్నాటి నుంచి పది రోజులు బూట్లు తొడగలేదు.

పదకొండో రోజున పక్క ఫ్లాటు వదినగారు వచ్చారు. "ఏం వదినా, నల్లపూసైపోయారు?" అని అడిగితే దాచలేక చెప్పేశాను. ఆవిడ నవ్వలేదు. "నేనేం చేస్తాననుకున్నారు? పార్కు గేటు దగ్గర బండి మీద రెండు వడలు తిని ఇంటికి పోతాను. మీ అన్నయ్యగారికి తెలీదు" అన్నారు. మాతోపాటు నడిచే మరొకావిడ ఈ ఆకలికి భయపడే నడక మానేశారట. "ఉన్న ఒళ్లు చాలదా, ఇంకా పెంచుకోవడం దేనికి" అన్నారట. అంటే నేనొక్కదాన్నే కాదన్నమాట! నలభై దాటాక, ఎంతో ధైర్యం చేసి గడప దాటిన మనలాంటివాళ్లం, ఆకలికి సిగ్గుపడి మళ్లీ ఇంట్లో కూర్చుంటున్నాం. షుగర్ అంచున నిలబడిన మనిషి నడక మానేయడం చిన్న విషయమా?

ఆ రాత్రి ఒక పాత నోటుపుస్తకం తీసి, నా దినచర్య ఉన్నదున్నట్టు రాసుకున్నాను. రాత్రి భోజనం ఎనిమిదిన్నరకి. పొద్దున అయిదుంబావుకి కాఫీ. తర్వాత నడక. వచ్చీరాగానే స్టవ్ వెలిగించడం, పాలు, టిఫిను, రెండు క్యారియర్లు, మావారి చొక్కా బొత్తాం, అబ్బాయి ఐడీ కార్డు వెతకడం. అందరూ వెళ్లాక తొమ్మిదీ ముప్పావుకి, చల్లారిన రెండు ఇడ్లీలు, గిన్నె అడుగున మిగిలిన చట్నీ. అవీ నిలబడే. రాసుకున్నాక లెక్కపెట్టి చూశాను. రాత్రి భోజనానికీ ఉదయం టిఫినుకీ మధ్య పదమూడు గంటల పావు! మధ్యలో ముప్పావుగంట నడక, మూడు గంటల ఇంటి చాకిరీ. దానికి ఇంధనం ఒక కప్పు కాఫీ. అసలు ఆశ్చర్యపోవలసింది నాకు ఆకలి వేసినందుకు కాదు, పదిన్నర దాకా నిలబడగలిగినందుకు.

ఇంకొక మాయ కూడా ఉంది. వ్యాయామం చేసిన వెంటనే చాలామందికి ఆకలి తెలీదు. ఒంటికి కష్టం కలిగినప్పుడు కాసేపు ఆకలి అణిగి ఉంటుంది. మనమేమో "ఇప్పుడేం ఆకలి లేదులే, వాళ్ల పని కానిద్దాం" అనుకుంటాం. గంటో రెండు గంటలో పోయాక అది వడ్డీతో సహా వచ్చి కూర్చుంటుంది. అప్పటికి వంట గిన్నెలు ఖాళీ. చేతికి అందేవి డబ్బాలోని జంతికలు, ఫ్రిజ్‌లోని మిఠాయి ముక్కలు. నలభై అయిదు నిమిషాల చురుకైన నడకకు నాలాంటి అరవై కిలోల మనిషికి ఖర్చయ్యేది సుమారు 180 నుంచి 200 క్యాలరీలు. గుప్పెడు జంతికలు, అంటే ఓ 40 గ్రాములు తింటే అంతా తిరిగొచ్చేసినట్టే. నేను తిన్నది ఒక గుప్పెడా? నిజం చెప్పాలంటే మూడు.

వయసు సంగతీ ఉంది. మన దేశంలో స్త్రీలకు నెలసరి ఆగిపోయేది సగటున 46, 47 ఏళ్లకే. దానికి ముందు కొన్నేళ్ల నుంచే ఈస్ట్రోజెన్ హార్మోను ఎగుడుదిగుడులవుతుంది. ఆకలిని కాస్త అదుపులో ఉంచే పని కూడా దానిదే. అది తగ్గుతుంటే ఆకలి పెరిగినట్టు అనిపించడం వింత కాదు. రాత్రిళ్లు ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు, నిద్రాభంగం ఉండనే ఉన్నాయి. నిద్ర చాలకపోతే ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది, తీపి మీదికి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది. మరోపక్క ముప్పై దాటిన దగ్గర్నుంచి కండ కొద్దికొద్దిగా కరుగుతూ వస్తుంది. ఆ కండ నిలవాలంటే పనీ చెప్పాలి, తిండీ పెట్టాలి. తిండి పెట్టకుండా పని మాత్రమే చెబితే అది ఊరుకుంటుందా?

ఇవన్నీ తెలుసుకుంటున్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ రోజంతా పనిచేసేది. మధ్యాహ్నం రెండింటికి, అందరూ తిన్నాక, మిగిలింది తినేది. మధ్యలో ఎప్పుడైనా స్తంభానికి ఆనుకుని కూర్చుంటే "ఏంటమ్మా?" అని అడిగేదాన్ని. "ఏం లేదే, కాస్త నీరసంగా ఉంది" అనేది. ఆకలేస్తోంది అని మా అమ్మ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. ఆలోచించి చూడండి. మన ఇళ్లల్లో మగవాళ్లకి ఆకలేస్తుంది, పిల్లలకి ఆకలేస్తుంది, అతిథులకి ఆకలేస్తుంది. ఆడవాళ్లకి మాత్రం నీరసం వస్తుంది! ఆకలి అంటే ఎవరైనా అన్నం పెట్టాలి. నీరసం అంటే కాసేపు కూర్చుంటే చాలు. పేరు మార్చేసి ఎంత సులువుగా ఊరుకోబెట్టాం మన కడుపుని! 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆ నీరసాలన్నీ ఎక్కడికి పోతాయి మరి?

నేను చేసిన మార్పులు గొప్పవేం కాదు. ముందుగా, నడకకు వెళ్లేముందు వట్టి కాఫీతో సరిపెట్టడం మానేశాను. ఒక చిన్న అరటిపండు సగం, లేదా రాత్రి నానబెట్టిన నాలుగు బాదం పప్పులు. వచ్చాక గ్లాసుడు నీళ్లు. నడిచి వచ్చిన గంటలోపల టిఫిను. అదీ కూర్చుని, వేడిగా.

ఆ టిఫినులోనూ మార్పు చేశాను. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థవారి లెక్క ప్రకారం పెద్దవాళ్లకి రోజుకు కిలో బరువుకి 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే నాకు సుమారు యాభై గ్రాములు. మాంసకృత్తులు, పీచు ఉన్న తిండి కడుపులో ఎక్కువసేపు నిలిచి ఆకలిని ఆపుతుంది. రెండు ఇడ్లీలలో నాలుగు గ్రాములకు మించి ఉండవు. అదే 50 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు పోసుకుంటే దాదాపు 12 గ్రాములు వస్తాయి. ఒక గుడ్డు తినేవారికి మరో ఆరు, గ్లాసుడు పాలు తాగేవారికి ఇంకో ఆరు. పెసరట్టు రోజూ కుదరకపోతే మొలకెత్తిన పెసలో, ఉడికించిన శనగ గుగ్గిళ్లో ఇడ్లీ పక్కన పెట్టుకుంటాను. ఇడ్లీ తప్పేం చెయ్యలేదు. ఒంటరిగా వస్తే ఆకలిని ఆపలేదు, అంతే. పదకొండింటికి ఇప్పటికీ ఆకలి వేసే రోజులుంటాయి. అప్పుడు జామకాయ ముక్కలు, గ్లాసుడు మజ్జిగ, ఓ పిడికెడు వేయించిన శనగలు. జంతికలు మానలేదు. సాయంత్రం టీతో రెండు, పళ్లెంలో పెట్టుకుని, అందరి ఎదుటా తింటాను.

అసలు కష్టం తిండిలో రాలేదు, గడియారంలో వచ్చింది. ఏడింటికి నేను కూర్చుని తినాలంటే ఆ పదిహేను నిమిషాలు ఇంకెవరైనా నిలబడాలి కదా! "నా టిఫిను అయ్యాకే మీ క్యారియర్లు" అని మొదటిరోజు అన్నప్పుడు ఇంట్లో అందరూ నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశారు. వారం రోజులు రుసరుసలు. ఒకరోజు క్యారియరు అందక మావారు క్యాంటీనులో తిన్నారు. నాకు మనసు పీకింది. అయినా తగ్గలేదు. ఇప్పుడు కాఫీ ఆయనే కలుపుకుంటున్నారు. అబ్బాయి తన డబ్బా తనే సర్దుకుంటున్నాడు. వారానికి రెండు రోజులు పెసరట్లు వాడే పోస్తాడు. మొదటి అట్టు ఇప్పటికీ చిరుగుతుంది, ఆ చిరిగిన అట్టు ఇప్పుడు నా పళ్లెంలోకి రావడం లేదు!

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. అన్ని ఆకళ్లూ ఒకటి కాదు. విపరీతమైన ఆకలితోపాటు దాహం, మాటిమాటికీ మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, పరగడుపున నడవవచ్చో లేదో డాక్టరుని అడక్కుండా బయలుదేరవద్దు. నడకలో ఒళ్లు వణికి, చెమటలు పట్టి, కళ్లు తిరిగితే అది షుగర్ పడిపోవడం కావచ్చు. ఆగిపోయి, వెంట ఉంచుకున్న మూడు చెంచాల పంచదారో గ్లూకోజో వెంటనే నోట్లో వేసుకోవాలి. పావుగంటలో కుదుటపడకపోతే మళ్లీ తీసుకుని, సాయం పిలవాలి. అలాంటి రోజున "ఇంటికెళ్లి చూసుకుందాంలే" అనుకోవడం ప్రమాదం.

మళ్లీ నడక మొదలుపెట్టి ఏడాది దాటింది. బరువు ఎంత తగ్గానంటారా? పెరిగిన రెండు పోగా ఇంకో కిలోన్నర. సినిమా తారలా ఏం మారలేదు. కానీ పరగడుపు షుగర్ 98కి వచ్చింది. వదినగారు ఇప్పుడు వడల బండి దగ్గర ఆగడం లేదు, ఇంట్లోనే కూర్చుని తింటున్నారట. మానేసినావిడ మళ్లీ పార్కుకి వస్తున్నారు. ఆవిడ నడకకన్నా ఆవిడ తిరిగి రావడమే నాకు సంతోషం.

ఒళ్లు వంచి పనిచేసినవాళ్లకి ఆకలి వేస్తుంది. అది తిండిపోతుతనం కాదు, మనోబలం లేకపోవడమూ కాదు. ఒళ్లు ఇంకా బతికి ఉందనీ, పనిచేస్తోందనీ చెప్పే కబురు. ఆ కబురు వచ్చాక డబ్బాలు దాచుకోవడం దేనికి? వేళకి, కూర్చుని, సరైన తిండి పెడదాం. రేపు పొద్దున నడిచి వచ్చి మీరు పళ్లెం ముందు కూర్చుంటే, ఇంట్లో ఎవరో ఒకరు "ఏంటి, అప్పుడే టిఫినా?" అని అడుగుతారు. అప్పుడు నీరసంగా ఉందని చెప్పకండి. "అవును, ఆకలేస్తోంది" అనండి. అని చూడండి ఒక్కసారి!