చిన్న రైలుకు పెద్ద పరిశోధన

బల్ల మీద పట్టాలు. వాటి మీద వేలెడంత ఇంజను, దాని వెనక నాలుగు పెట్టెలు. పక్కనే అగ్గిపెట్టెలంత ఇళ్లు, ఓ స్టేషను, నీళ్ల ట్యాంకు. మీట నొక్కితే రైలు కదులుతుంది. చూసినవాళ్లంతా 'భలే ఉందే!' అంటారు. నమూనా రైళ్ల పిచ్చి బాగా ముదిరినవాళ్లు మాత్రం అంతటితో ఊరుకోరు. వంగి, కళ్లు చికిలించి చూసి ఒకే ప్రశ్న వేస్తారు... 'ఇది ఏ ఊరు? ఏ ఏడాది?'

జవాబు లేకపోతే అది బొమ్మ. ఉంటే చరిత్ర. ఆ జవాబు కోసమే కొందరు ఏళ్ల తరబడి పాత ఫైళ్లు తిరగేస్తారు, పాడుబడ్డ వంతెనల దగ్గర టేపు పట్టుకుని తిరుగుతారు, రిటైరైన డ్రైవర్ల ఇళ్లు వెతుక్కుంటూ వెళ్తారు. ఇంజను బాయిలరు మీద రివెట్లు ఎన్నో కూడా లెక్కపెడతారని వాళ్లమీద ఓ జోకుంది. అందులో అతిశయోక్తి పెద్దగా లేదు!

పట్టాల దగ్గరే పేచీ

లెక్క పట్టాల దగ్గరే మొదలవుతుంది. బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే కొలత ప్రకారం అసలు రైలులో ఒక అడుగు, నమూనాలో 4 మిల్లీమీటర్లు. అంటే 76వ వంతు. అక్కడి రైలు పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు కాబట్టి నమూనాలో అది 18.83 మిల్లీమీటర్లు ఉండాలి. దుకాణంలో దొరికే పట్టాల మధ్య ఉండేది మాత్రం 16.5 మిల్లీమీటర్లే. ఎందుకలాగ? బ్రిటన్ ఇంజన్లు మిగతా యూరప్ వాటికన్నా చిన్నవి. వెనకటి మోటార్లు ఆ నమూనాల్లో పట్టలేదు. అందుకని తయారీదారులు ఇంజను ఒళ్లు కాస్త పెంచి, పట్టాలను పాత కొలతతోనే ఉంచేశారు. దాంతో రైలు తన పట్టాల కన్నా లావైపోయింది. మామూలు కంటికి ఆ తేడా తెలియదు. తెలిసినవాళ్లకు నిద్ర పట్టదు. వాళ్లు 18 మిల్లీమీటర్లనీ, 18.83 అనీ సొంత కొలతలు పెట్టుకుని ఒక్కో పట్టాను చేత్తో వేసుకోవడం మొదలుపెట్టారు.

అదే కొలతలో మన బ్రాడ్‌గేజ్ పట్టాలు వేస్తే మధ్య దూరం సరిగ్గా 22 మిల్లీమీటర్లు వస్తుంది. ఆ పట్టాలు ఏ బొమ్మల కొట్లోనూ వేలాడవు. చేసుకోవాల్సిందే.

ఒక్క లోయ కోసం ఒక జీవితం

ఇలాంటి పట్టుదలకు పేరు రోయ్ ఇంగ్లండ్. ఊరు ఆస్ట్రేలియాలోని పెర్త్. 1925లో కుర్రవాడిగా ఇంగ్లండ్ వచ్చాడు. లండన్‌కి పడమరగా ఉన్న 'వేల్ ఆఫ్ వైట్ హార్స్' అనే లోయ, అందులోని పల్లెలు, వాటి మధ్య నుంచి వెళ్లే గ్రేట్ వెస్టర్న్ రైల్వే ఆయనకు తెగ నచ్చేశాయి. అయితే కళ్ల ముందే ఆ పల్లెలు మారిపోతున్నాయి. వందల ఏళ్ల నాటి గడ్డి కప్పులు పీకేసి రేకులు వేస్తున్నారు. పాత గోడలు పడగొడుతున్నారు. ఆపే శక్తి ఆయనకు లేదు. చేతనైంది ఒక్కటే... ఉన్నవాటిని ఉన్నట్టుగా అట్టముక్కలతో చిన్నగా కట్టి ఉంచడం.

ఇంటింటికీ వెళ్లి కొలతలు తీసుకున్నాడు. ఏ గోడలో ఏ ఇటుక ఏ రంగులో ఉందో రాసుకున్నాడు. 1954లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెనమ్ అనే ఊళ్లో ఆ పని 'పెండన్ మ్యూజియం'గా రూపు దిద్దుకుంది. 1995లో ఆయన పోయాక కూడా అక్కడి వలంటీర్లు పని ఆపలేదు. ఒక్కో ఇంటికి వందల గంటలు పడుతుంది. కిటికీ తెరలూ పెరట్లో కూరగాయల మొక్కలూ కూడా లెక్కలోకి వస్తాయి మరి. అంతా 1930 ప్రాంతపు దృశ్యం. ఆ తర్వాత వచ్చిన వస్తువు ఒక్కటి కనబడినా తప్పే.

అదే మ్యూజియంలో ఇంకో నమూనా ఉంది. జాన్ అహెర్న్ కట్టిన 'మాడర్ వ్యాలీ రైల్వే'. అది పూర్తిగా ఊహ. అలాంటి లైను ప్రపంచంలో ఎక్కడా లేదు. చూడముచ్చటగా ఉంటుంది, దాన్ని తక్కువ చేసేవాళ్లెవరూ లేరు. కానీ తేడా ఒకటుంది. ఊహలో కట్టినదాన్ని ఇది తప్పు అని ఎవరూ అనలేరు. నిజంగా ఉన్నదాన్ని కట్టినవాడు ప్రతి గోడకూ జవాబు చెప్పుకోవాలి.

నౌపడ చిన్న రైలు

మన దగ్గర ఇలా కట్టదగిన లైను ఏదైనా ఉందా? ఉంది. శ్రీకాకుళం జిల్లాలో ఉప్పు మడులకు పేరున్న నౌపడ నుంచి బయల్దేరేది. పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి తన రాజధానిని మెయిన్ లైనుతో కలపాలనుకున్నాడు. మధ్య దూరం 40 కిలోమీటర్లు. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో 1900లో బండి నడిచింది. పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. మొదట్లో నష్టాలే. 1910 తర్వాత లాభాల బాట పట్టింది. ఆపైన కృష్ణచంద్ర గజపతి హయాంలో వంశధార లోయ వెంట పొడిగిస్తూ 1931 నాటికి గుణుపురం చేర్చారు. మొత్తం 90 కిలోమీటర్లు.

టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం... ఈ పేర్లు వినగానే పొగబండి గుర్తొచ్చేవాళ్లు ఉత్తరాంధ్రలో ఇప్పటికీ ఉన్నారు. ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ వచ్చింది. 2004లో బ్రాడ్‌గేజ్ పనుల కోసం ఆ చిన్న పట్టాలనే ఎత్తేశారు. 2011లో అదే దారిన పెద్ద రైలు వచ్చింది. ప్రయాణికులకు మేలే జరిగింది. చిన్న రైలు మాత్రం జ్ఞాపకాల్లోకి వెళ్లిపోయింది.

దీన్ని బల్ల మీద కట్టాలంటే? 76వ వంతు లెక్కన పట్టాల మధ్య దూరం కచ్చితంగా 10 మిల్లీమీటర్లు. కొట్లో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టాలతో చాలామంది సర్దుకుపోతారు. ఇక మొత్తం 90 కిలోమీటర్లూ కట్టాలనుకుంటే 1,180 మీటర్ల బల్ల కావాలి! అందుకే ఎవరైనా ఒక స్టేషన్‌నే ఎంచుకుంటారు. 300 మీటర్ల స్టేషన్ యార్డు 4 మీటర్లలో ఒదిగిపోతుంది.

ఏ ఏడాది?

స్టేషన్ నౌపడ అనుకుందాం. చిన్న పట్టాల పక్కనే మెయిన్ లైను. ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి సరుకు ఎక్కించే చోటు అది. ఇక్కడే ఏడాది కీలకం. 1900 అయితే మెయిన్ లైను ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వేది. 1902 తర్వాత అయితే బెంగాల్ నాగపూర్ రైల్వేది. రెండేళ్లు అటూఇటూ అయితే ఆగి ఉన్న పెట్టె మీద కంపెనీ పేరే తప్పు.

పర్లాకిమిడి అయితే మరో చిక్కు. 1931లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని ఊరు. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యాక అందులోకి వెళ్లింది. మరి స్టేషన్ బోర్డు మీద ఏ భాషలు, ఏ వరసలో, ఏ స్పెల్లింగుతో రాయాలి? ఊహించి రాస్తే కుదరదు. ఆ ఏటి ఫొటో కావాలి. పొలం గట్టున తాటిచెట్లు పెట్టొచ్చు. కరెంటు స్తంభం పెడితే మాత్రం అది ఆ ఊరికి ఎప్పుడొచ్చిందో చెప్పగలగాలి.

కాగితం, ఫొటో, టేపు

అనుభవమున్నవాళ్లు పాటించే సూత్రం ఒకటుంది. ఏ సంగతినైనా ఒక్క ఆధారంతో నమ్మకూడదు. కాగితం, ఫొటో, నేల... మూడింట్లో రెండైనా ఒకే మాట చెప్పాలి.

కాగితాల్లో అన్నిటికన్నా విలువైంది వర్కింగ్ టైంటేబుల్. ప్రయాణికులకు అమ్మే టైంటేబుల్ కాదు, రైల్వే సిబ్బంది కోసం వేసుకునేది. రోజుకి ఎన్ని బండ్లు, ఏవి ఎక్కడ ఒకదాన్నొకటి దాటాలి, ఎక్కడ ఎంత వేగం మించకూడదు... అన్నీ అందులో ఉంటాయి. అది చేతిలో ఉంటే బల్ల మీద రైలు నిజం రైలులాగే నడుస్తుంది. రైల్వేల వార్షిక నివేదికలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీవారి ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి. మద్రాసు ప్రభుత్వపు పాత ఫైళ్లు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఊరి చుట్టూ ఏముండేదో సర్వే ఆఫ్ ఇండియావారి మైలుకి అంగుళం పటాలు చెబుతాయి. చెరువు, గుడి, బండిబాట... ఒక్కటీ వదలవు.

ఫొటోలు మరి? అవి నిజమే చెబుతాయి గానీ అడగడం తెలియాలి. వెనకటి ఫొటో ప్లేట్లకు ఎరుపు రంగు అందేది కాదు. ఎర్రటి ఇంజను ఫొటోలో నల్లగా పడేది. ఫొటో చూసి నల్లరంగు వేసేసిన నమూనాలు లేకపోలేదు. ఇంకో ఉచ్చు కూడా ఉంది. ఇంజను తయారుచేసిన కంపెనీలు దాన్ని పంపించే ముందు ఫొటో తీయించేవి. ప్రతి భాగం స్పష్టంగా కనబడాలని ఫొటో కోసమే బూడిదరంగు పూసేవి. తర్వాత అసలు రంగు వేసేవాళ్లు. ఆ సంగతి తెలియకపోతే ఏ రైల్వేలోనూ నడవని బూడిదరంగు ఇంజను తయారవుతుంది! పైగా ఆవిరి ఇంజను జీవితమంతా ఒకేలా ఉండదు. వర్క్‌షాపుకి వెళ్లినప్పుడల్లా బాయిలరు మారొచ్చు, పొగగొట్టం మారొచ్చు. నంబరు మాత్రం అదే. అందుకే తేదీ లేని ఫొటో సగం ఫొటోయే.

కొలతలు దొరకనప్పుడు ఫొటోయే స్కేలు అవుతుంది. ఫొటోగ్రాఫర్ ఎదురుగా, పట్టాలు సూటిగా పడి ఉంటే వాటి మధ్య దూరం 762 మిల్లీమీటర్లని ముందే తెలుసు కదా. దాన్ని పట్టుకుని ఆ వరసలోనే ఉన్న గోడ ఎత్తు, తలుపు వెడల్పు లెక్కగట్టేస్తారు.

ఇక నేల. పట్టాలు ఎత్తేసినా అన్నీ పోవు. పాత కల్వర్టు, వంతెన దిమ్మ, ప్లాట్‌ఫారం అంచు రాళ్లు తుప్పల్లో మిగిలి ఉండొచ్చు. టేపు, నోటుబుక్కు, కెమెరా ఉంటే చాలు. ఒక ఇటుక పొడవు, ఎత్తు కొలిచి వరసలు లెక్కపెడితే గోడ మొత్తం లెక్క తేలుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న రైల్వే స్థలంలోకి మాత్రం అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు.

కాగితంలో లేనిది

ఏ ఫైలూ చెప్పని సంగతులు కొన్నుంటాయి. ఫైర్‌మన్ బొగ్గు ఏ చోట ఎక్కువ వేసేవాడు? ఏ మలుపు దగ్గర బండి నెమ్మదించేది? స్టేషన్‌లో టీ అమ్మే మనిషి ఏ చెట్టు కింద కూర్చునేవాడు? ఇవి మనుషుల్లోనే ఉంటాయి. డ్రైవర్లు, గ్యాంగ్‌మన్లు, గార్డులు, రోజూ ఆ బండెక్కి బడికెళ్లిన పిల్లలు... వాళ్లను అడగాలి. మనిషి జ్ఞాపకం ఏడాదిని తప్పు చెప్పొచ్చు. చెట్టును తప్పు చెప్పదు. అందుకే వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకుని, తేదీ సంగతి కాగితాలతో సరిచూసుకోవాలి. ఇంట్లో పెట్టెల అడుగున ఉండే పెళ్లి ఫొటోల వెనక, వీడ్కోలు సభ గ్రూపు ఫొటోల వెనక ఇంజనో స్టేషనో కనబడితే అది నిధే.

పెండన్‌లో ఉన్న ఇళ్లలో చాలావాటి అసలు రూపాలు తర్వాత మారిపోయాయి. 1930లో ఆ పల్లెలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఇప్పుడు ఆ అట్టముక్కల ఇళ్లనే చూడాలి. అవి మారకముందే ఒక మనిషి వెళ్లి కొలిచాడు కాబట్టి అది సాధ్యమైంది.

నౌపడ లైను కాగితాలు ఆర్కైవ్స్‌లో ఇంకో యాభై ఏళ్లు భద్రంగానే ఉంటాయి. పటాలు ఎక్కడికీ పోవు. మనుషులు అలా కాదు. 1980లో పాతికేళ్ల వయసులో బొగ్గు వేసిన ఫైర్‌మన్ ఇప్పుడు డెబ్బైల్లో ఉంటాడు. పట్టాలు ఎప్పుడైనా పరచుకోవచ్చు. ఇంజను ఎప్పుడైనా చేసుకోవచ్చు. టెక్కలిలోనో పాతపట్నంలోనో అరుగు మీద కూర్చున్న ఆ పెద్దాయన్ని అడిగి రాసుకోవడం మాత్రం ఇప్పుడే చేయాల్సిన పని.