భయపడే తల్లికి జవాబు చెప్పేదెవరు?



2017 ఫిబ్రవరి 6న తమిళనాడు, కర్ణాటకలతో పాటు మరికొన్ని చోట్ల తట్టు–రుబెల్లా టీకా కార్యక్రమం మొదలైంది. 9 నెలల నుండి 15 ఏళ్లలోపు పిల్లలందరికీ టీకా వేయాలన్నది సంకల్పం. అయితే ఇది ప్రమాదమని, మన పిల్లలపై ప్రయోగమని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. తమిళనాడులో ఎందరో తల్లిదండ్రులు వెనుకాడారు. గడువు మార్చి వరకు పొడిగించవలసి వచ్చింది.

ఆ తల్లిదండ్రులను మూఢులని తీసిపారేయడం తేలిక. కానీ ఆలోచించండి. ఆడుకుంటున్న బిడ్డకు సూది వేయించారు, రాత్రికి ఒళ్లు కాలిపోతోంది. టీకా తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చని ఆ తల్లికి ముందే ఎవరైనా చెప్పారా? చెప్పేవారు లేనప్పుడు ఫోనే జవాబు చెబుతుంది.

మత్తూరు, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లో ఈ లోటు మరీ ఎక్కువ. ఇంట్లో మాట తెలుగు, గోడమీది నోటీసు తమిళం. గ్రానైటు క్వారీలకు, ఫ్యాక్టరీలకు పనికోసం వచ్చిన కుటుంబాలు చోటు మారినప్పుడల్లా బిడ్డ టీకా కార్డు వెనకబడిపోతుంది.

తట్టు చిన్న జబ్బు కాదు. న్యుమోనియా తెస్తుంది, మెదడును దెబ్బతీస్తుంది, ప్రాణం తీస్తుంది. నూటికి 95 మందికి రెండు మోతాదులూ అందితేనే ఊరంతటికీ కాపుదల. టీకా వేయించుకునే వయసు రాని పసికందును కాపాడేది పక్కింటి బిడ్డకు వేసిన టీకాయే. పొరుగువానిని ప్రేమించడమంటే ఇది కూడా.

పోలియో చుక్కలతో పిల్లలు పుట్టరన్న పుకారు ఉత్తరప్రదేశ్‌లో ఒకప్పుడు గట్టిగా నాటుకుంది. దానిని పోగొట్టడంలో పోస్టర్లకన్నా ఎక్కువగా పనిచేసింది అదే వీధి స్త్రీలు ఇంటింటికీ తిరగడం, మసీదుల్లో ఇమాములు నోరు తెరిచి చెప్పడం. 2011 జనవరి తరువాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు లేదు.

మరి మన సంఘాలు? ప్రార్థన ఉండగా టీకా ఎందుకని అడిగేవారు మన మధ్యనే ఉన్నారు. పక్షవాయువుగల వానిని నలుగురు మోసుకొని, ఇంటికప్పు విప్పి ప్రభువు ఎదుట దించారు. వారి విశ్వాసానికి చేతులున్నాయి, భుజాలున్నాయి.

కాపరులారా, ఒక ఆదివారం గ్రామ ఆరోగ్య నర్సును పిలవండి. తల్లులను తెలుగులో అడగనివ్వండి, ఏ ప్రశ్ననూ ఎగతాళి చేయకండి. బిడ్డను ప్రతిష్ఠించే రోజున టీకా కార్డు సంగతి కూడా అడగండి. యౌవనస్థులారా, పుకారు వచ్చిన గ్రూపులోనే నిజమూ పెట్టండి. కూలి పోతుందని ఆగిపోయిన తల్లికి తోడుగా ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. టీకా వేశాక అరగంట అక్కడే కూర్చోండి. మరునాడు ఆ ఇంటి తలుపు తట్టి, బిడ్డకు ఎలా ఉందో అడగండి.

ఆ మరునాటి పలకరింపే రెండవ మోతాదుకు దారి తీస్తుంది.