అమ్మరాదన్నదాన్ని ఎలా కొన్నారు?

పిప్రహ్వా స్తూపంలో బుద్ధుడి అస్థికలతో పాటు దొరికిన రత్నాలు దేశానికి చేరాయి. సంతోషం. హాంకాంగ్ వేలంపాటలో ఏ కుబేరుడి చేతికో చిక్కి, మరో వందేళ్లు ఎవరి కంటా పడకుండా పోయే ముప్పు తప్పింది. 2025 జులై 30న ప్రధాని ఈ సంగతి ప్రకటించినప్పుడు దేశం ఆనందించడం సహజం. ఆ ఆనందంలో ఈ పత్రికకూ పాలుంది. కానీ అదే రోజు కేంద్ర సాంస్కృతిక శాఖ ఇచ్చిన ప్రకటనలో, ఇది ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికి ఆదర్శప్రాయమైన ఉదాహరణ అని చెప్పుకొన్నారు. ఆ మాటను చూసీచూడనట్లు వదిలేయడం మా వల్ల కాదు.

ఈ భాగస్వామ్యంలో ప్రభుత్వం వంతు ఏమిటి? డబ్బు పెట్టింది గోద్రెజ్ సంస్థ. ఎంత పెట్టిందో ఎవరూ బయటపెట్టలేదు. వేలానికి ముందు పలుకుతుందని అంచనా వేసిన ధర పది కోట్ల హాంకాంగ్ డాలర్లు, మన లెక్కలో వంద కోట్ల రూపాయలకు పైమాటే. బేరం వేలం సంస్థ సోథెబీస్ ద్వారా కుదిరింది. సొమ్ము, స్తూపాన్ని తవ్వించిన దొర వారసులైన పెప్పే కుటుంబానికి ముట్టింది. రత్నాలు గోద్రెజ్ సొంతమయ్యాయి. వాటిలో పెద్ద భాగం ఢిల్లీలోని నేషనల్ మ్యూజియానికి ఐదేళ్ల అరువు మీద వస్తుందని ప్రకటించారు. మొత్తం సేకరణను మూడు నెలలు ప్రదర్శిస్తామన్నారు. అమ్మినవారు, అమ్మిపెట్టినవారు, కొన్నవారు ఎవరికి రావలసింది వారు తీసుకున్నారు. దేశానికి మిగిలింది గడువు పెట్టిన అరువు.

ఇప్పుడు మే 5 నాటి నోటీసు తీసి చదవాలి. సోథెబీస్‌కు ఆ నోటీసు పంపింది ఇదే సాంస్కృతిక శాఖ. ఈ రత్నాలు భారతదేశానికీ ప్రపంచ బౌద్ధులకూ చెందిన వారసత్వమని, అవి పరాధీనం చేయడానికి వీల్లేనివని అందులో రాసింది. వాటిని అమ్మే అధికారం పెప్పే కుటుంబ సభ్యుడు క్రిస్ పెప్పేకు లేదంది. వేలం వేయడమంటే వలస దోపిడీని కొనసాగించడమేనంది. రత్నాలు తిరిగి అప్పగించాలని, బహిరంగ క్షమాపణ చెప్పాలని అడిగింది. ఒక సార్వభౌమ ప్రభుత్వం మాట్లాడవలసిన తీరులోనే మాట్లాడింది. మేమూ హర్షించాం.

మూడు నెలలు తిరగకుండానే, అమ్మే అధికారం లేదన్న ఆ మనిషి దగ్గరే, వలస దోపిడీ చేస్తోందన్న ఆ సంస్థ ద్వారానే, పరాధీనం కారాదన్న ఆ రత్నాలే చేతులు మారాయి. ప్రభుత్వం అడ్డుపడకపోగా అందులో తానూ భాగస్వామినని సగర్వంగా చెబుతోంది. అమ్మేవాడికి హక్కు లేకపోతే కొన్నవాడికి హక్కు ఎక్కడి నుంచి వస్తుంది? కొన్నవాడికి హక్కు ఉందంటే, అమ్మినవాడికీ ఉన్నట్లే గదా? నోటీసు నిజమైతే ఈ కొనుగోలు చెల్లదు. కొనుగోలు చెల్లితే నోటీసు ఉత్త బెదిరింపు. రెండూ నిజమని ఏ న్యాయస్థానంలోనూ నిలబడి వాదించలేరు. 1898లో పిప్రహ్వాను తవ్వించిన ఎస్టేటు దొర పెప్పేకు బ్రిటిష్ సర్కారు రత్నాల్లో సుమారు ఐదో వంతు వదిలేసింది. మన నేల మీద, మనల్ని అడగకుండా జరిగిన పంపకం అది. దానికి 2025లో స్వతంత్ర భారత ప్రభుత్వం చేవ్రాలు పెట్టింది. దీన్ని ఆదర్శం అనడానికి మనసెలా ఒప్పింది?

1970 నాటి యునెస్కో ఒప్పందం అంతకు ముందరి తరలింపులకు వర్తించదని, విదేశీ కోర్టుల్లో గెలుపు అనుమానమేనని కొందరు అంటున్నారు. అందులో నిజముంది. అదే కారణమైతే ప్రజలకు అదే చెప్పాలి. చట్టం అక్కరకు రాలేదు, ఒక దాత ముందుకొచ్చారు, కొనక తప్పలేదు అంటే జనం అర్థం చేసుకునేవారు. ఓడిపోయిన చోట గెలిచామని చాటుకోవడమే సహించరానిది.

పైగా ఇది కొత్తా కాదు. 2009 మార్చిలో న్యూయార్క్‌లో గాంధీజీ కళ్లజోడు, చెప్పులు వేలానికి వచ్చాయి. అప్పుడూ కేంద్రం అభ్యంతరం చెప్పింది, అయినా వేలం ఆగలేదు. విజయ్ మాల్యా 18 లక్షల డాలర్లకు పాడుకున్నారు. ఆయన ద్వారా ప్రభుత్వమే సంపాదించిందని నాటి సాంస్కృతిక మంత్రి అంబికా సోని ప్రకటించారు. ప్రభుత్వంతో తనకు సంబంధమే లేదని, సొంతంగా కొన్నానని మాల్యా బదులిచ్చారు. అంతకు ముందు ఆయనే వేలంలో కొన్న టిప్పు సుల్తాన్ ఖడ్గం మాటేమిటి? అది ఆయన వద్ద లేదని, ఇచ్చేశారని 2018లో లండన్ కోర్టులో బయటపడింది. గోద్రెజ్‌ను మాల్యాతో పోల్చడం మా ఉద్దేశం కాదు. ఆ సంస్థ చేసింది మంచి పనే. అయితే జాతి సంపద ఒకరి సొంత ఆస్తిగా ఉన్నంతకాలం దాని భవిష్యత్తు ఆ యజమాని మంచితనం మీద, ఆయన వారసుల మంచితనం మీద ఆధారపడుతుంది. పార్టీ ఏదైనా ప్రభుత్వాలు ఈ పాఠం నేర్చుకోలేదు.

చెల్లించకుండా రప్పించుకోవడం సాధ్యమేనని మన ప్రకాశం జిల్లా చందవరమే రుజువు చేసింది. అక్కడి మ్యూజియం నుంచి దొంగలెత్తుకుపోయిన సున్నపురాతి ఫలకాన్ని 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొంది. అది చందవరానిదేనని పాత ఫొటోలు బయటపెట్టాయి. 2016లో ఆ గ్యాలరీ ఫలకాన్ని భారత్‌కు అప్పగించింది. మన వైపు నుంచి ఒక్క రూపాయి వెళ్లలేదు.  అది ఇటీవలి దొంగతనం కనుక చట్టం మన పక్షాన ఉంది, పిప్రహ్వా అంత సులువు కాదు, ఒప్పుకుంటాం. కానీ కోర్టు గడప తొక్కకుండానే ఓటమి ఖాయమని ఎవరు తేల్చారు?

ఈ వ్యవహారం తెలుగువారికి దూరపు సంగతి కాదు. ఈ రత్నాలు శరీర ధాతువులు కావు కాబట్టి అమ్ముకోవచ్చన్న పెప్పే వాదన ఎంత డొల్లదో భట్టిప్రోలు తెలిసినవారికి చెప్పనక్కర్లేదు. 1892లో అక్కడి స్తూపంలో బయటపడ్డ పేటికల్లో అస్థికతో పాటు బంగారు పూలు, ముత్యాలు, పూసలు ఉన్నాయి. భక్తులు వాటన్నింటినీ కలిపి సమర్పించారు. వాటిని విడదీసింది తవ్వినవారు, ధర కట్టినవారు. అమరావతి స్తూపం శిల్పాలు వందకు పైగా లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి కోసం రేపు ఢిల్లీ గట్టిగా ఉత్తరం రాస్తే అవతలివారు పిప్రహ్వాను చూపిస్తారు. న్యూయార్క్, లండన్, హాంకాంగ్ వేలం సంస్థలకూ దారి తెలిసిపోయింది. మన పురావస్తువును వేలానికి పెడితే చాలు. ఢిల్లీ నోటీసు పంపుతుంది, వార్తల్లో గొడవవుతుంది, ధర నిలబడుతుంది, చివరికి ఒక భారతీయ సంపన్నుడు వస్తాడు. మన భక్తికీ ఆత్మాభిమానానికీ వెల కట్టి మనకే అమ్మే వ్యాపారానికి ఇంతకన్నా ప్రోత్సాహం ఏముంటుంది?

కేంద్రం ఇప్పటికైనా ఈ ఒప్పందం పూర్తి పాఠాన్ని పార్లమెంటు ముందు పెట్టాలి. ఎంత చెల్లించారో, ఐదేళ్ల గడువు ముగిశాక రత్నాలు ఎక్కడుంటాయో, అరువుకు ఇవ్వని భాగం సంగతేమిటో చెప్పాలి. మే 5 నోటీసులో అడిగిన క్షమాపణ వచ్చిందా, లేక బేరంలో దాన్ని వదులుకున్నారా? దానికీ జవాబు కావాలి. గోద్రెజ్‌తో మాట్లాడి మొత్తం రత్నాలను శాశ్వతంగా నేషనల్ మ్యూజియం పేరిట రాయించాలి. ఆ రోజు భాగస్వామ్యం గురించి సాంస్కృతిక శాఖ ఎంత గొప్పగా చెప్పుకొన్నా మాకు అభ్యంతరం ఉండదు.