సీతానగర్‌లో పుట్టిల్లు

డిగ్లీపూర్ చుట్టుపక్కల ఊళ్ల పేర్లు చదువుతుంటే దేవుళ్ల పటాల దుకాణంలో నిలబడ్డట్టుంటుంది. రామనగర్, సీతానగర్, రాధానగర్, కాళీపూర్. ఉత్తర అండమాన్‌లోని ఈ ప్రాంతంలో స్థిరపడిన వాళ్లలో ఎక్కువ మంది తూర్పు బెంగాల్ కాందిశీకులు. 1946లో నోవాఖాలీ, 1947లో విభజన, 1950లో బారిసాల్. ఎవరూ యుద్ధం ప్రకటించలేదు గానీ ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన వాళ్లకు అది యుద్ధమే. వాళ్లలో కొందరిని ప్రభుత్వం 1949 నుంచి ఓడలెక్కించి అండమాన్‌కు పంపింది. 1950లలో ఆ వలస డిగ్లీపూర్ అడవి దాకా వచ్చింది.

ఓడ ఎక్కాలంటే కుటుంబంలో ఒంట్లో సత్తువ, సేద్యంలో అనుభవం ఉన్న మగవాడు ఉండాలి. అల్లర్లలో భర్తను పోగొట్టుకుని, ఎదిగొచ్చిన కొడుకు కూడా లేని స్త్రీ కుటుంబం కిందికి రాదు. ఆమెకు దస్త్రాల్లో వేరే పేరుంది: 'శాశ్వత భారం'. అలాంటి వాళ్లను టిటాగఢ్, భద్రకాళి వంటి చోట్ల శిబిరాల్లో ఉంచారు. కత్తి చేసిన గాయం మీద గుమాస్తా కలం చల్లిన కారం అది. ఉదితీ సేన్ 2018లో వెలువరించిన 'సిటిజన్ రెఫ్యూజీ'లో ఈ వ్యవహారమంతా ఉంది. చదువుతుంటే అల్లరి మూకల మీదకన్నా ఆ గుమాస్తా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఓడెక్కిన ఆడవాళ్లు అదృష్టవంతులేనా? దిగిన చోట అడవి, జలగలు, మలేరియా. కుటుంబానికి సుమారు 10 ఎకరాలు, సగం వరికి, సగం గుట్ట. కేటాయింపు ఇంటి పెద్ద పేరిట. ఊరికి సీత పేరు, భూమికి రాముడి పేరు. అండమాన్ వలస కథ ఎవరు చెప్పినా గొడ్డళ్లు, ఏనుగులు, కూలిన మహావృక్షాలు వస్తాయి. పొయ్యి దగ్గరి మనిషి రాదు.

ఆమె పోగొట్టుకున్నది ఒక దేశాన్నే కాదు, పుట్టింటిని కూడా. మొదటి కాన్పుకు అమ్మ దగ్గరికి వెళ్లడం మనకెంత సహజమో బెంగాలీలకూ అంతే. కానీ కలకత్తా నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కే (2024 నుంచి శ్రీవిజయపురం) 1,255 కిలోమీటర్ల సముద్రం. అక్కడి నుంచి డిగ్లీపూర్ మరింత ఉత్తరాన. అత్త కసిరినా, మొగుడు చెయ్యి చేసుకున్నా పోయి కూర్చోడానికి ఒక గడప ఉండదు. ఉన్నదల్లా పక్క గుడిసె. అందులోనూ తనలాంటిదే ఒకతి.

బెంగాలీ స్త్రీలలో ఒక పాత ఆచారం ఉంది. ఇద్దరు ఆడవాళ్లు 'సయి' కట్టుకుంటారు, అంటే నేస్తం కట్టుకుంటారు. ఆ తర్వాత ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. 'గంగాజల్' అనో, 'మకర్' అనో, 'బకుల్‌ఫూల్' అనో ఇద్దరికీ ఒకటే పిలుపు. మగవాళ్లు కుదిర్చిన పెళ్లితోనూ రక్తంతోనూ పనిలేని చుట్టరికం. పుట్టిల్లు సముద్రం అవతల ఉండిపోయిన చోట ఇలాంటి చుట్టరికానికి ఎంత విలువో వేరే చెప్పాలా? పురుడు పోసేది, జ్వరమొస్తే గంజి కాచేది ఆ పక్కింటావిడే కదా. ఏ రిజిస్టర్‌లోనూ ఇది ఎక్కదు.

ఇది మనకు పరాయి గొడవ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాట్లాడేవాళ్లు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు అక్కడున్నాయి. ఆ ఇళ్ల ఆడవాళ్లు బెంగాలీ పొరుగువాళ్లతో అండమాన్ హిందీలోనే కష్టసుఖాలు చెప్పుకుంటారు. అంతదూరం ఎందుకు, మన కాగజ్‌నగర్ దగ్గర ఈస్‌గాం, నజ్రుల్‌నగర్‌లలో ఉన్నదీ తూర్పు బెంగాల్ కాందిశీకులే.

తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు తుపాకులు పట్టారు, కొరియర్లుగా తిరిగారు. 1951లో పోరాటం ముగిశాక వాళ్లను ఇంటికెళ్లి కాపురం చేసుకోమన్నారు. ముప్ఫై ఏళ్లు దాటాక స్త్రీ శక్తి సంఘటన వాళ్ల దగ్గర కూర్చుని చెప్పించుకుని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేసింది. అప్పటికి వాళ్లలో చాలామంది బతికున్నారు, గుర్తులూ బతికున్నాయి.

1955లో ఇరవై ఏళ్ల కోడలిగా ఓడ దిగిన మనిషికి ఇప్పుడు తొంభై. సయి కట్టుకున్న ఇద్దరిలో ఒకరు ఈపాటికే పోయి ఉండవచ్చు. డిగ్లీపూర్ వెళ్లే యాత్రికులు శాడిల్ పీక్ ఎక్కుతారు, రాస్, స్మిత్ దీవుల మధ్య ఇసుక దారిలో ఫొటోలు దిగుతారు. దారిలో ఏ అరుగు మీదో ముసలావిడ కనబడితే, గంగాజల్ అంటే ఎవరమ్మా అని ఒక్కసారి అడగండి. ఫోన్‌లో రికార్డు మీట నొక్కి అడగండి.