కంచె మీద అనుమానం

అమెరికాకీ యూరప్‌కీ మధ్య పొరపొచ్చాలు అనగానే అందరూ డబ్బు లెక్కలే తీస్తారు. ఎవరు ఎంత ఖర్చు పెడుతున్నారు, ఎవరి నీడన ఎవరు బతుకుతున్నారు... ఇవే చర్చలు. నాకు మాత్రం అసలు గొడవ అది కాదనిపిస్తోంది. డెన్మార్క్ సంగతి వింటే మీకూ అలాగే అనిపించొచ్చు.

1949 ఏప్రిల్ 4న వాషింగ్టన్‌లో 12 దేశాలు నాటో ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. అందులో డెన్మార్క్ ఒకటి. ఆ ఒప్పందానికి ప్రాణం అయిదో అధికరణం. ఒకరి మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టేనని దాని సారాంశం. కానీ చాలామంది పట్టించుకోని ముక్క ఒకటుంది. దాడి జరగ్గానే సైన్యాన్ని పంపి తీరాలని అందులో ఎక్కడా లేదు. ఎవరికి ఏది అవసరమని తోస్తే ఆ చర్య తీసుకోవచ్చు, అంతే! ఇన్నేళ్లూ మాస్కో వెనకాడిందంటే ఆ వాక్యాన్ని చూసి కాదు, అమెరికా నిజంగానే వస్తుందన్న లెక్కతోనే.

ఆ అధికరణాన్ని ఇప్పటిదాకా వాడింది ఒక్కసారే. అదీ అమెరికా కోసమే! 2001 సెప్టెంబర్ 11 దాడులు జరిగిన మర్నాడు. ఆ తర్వాత డెన్మార్క్ సైనికులు అఫ్గానిస్థాన్ వెళ్లారు. వాళ్లలో 40 మందికి పైగా ప్రాణాలతో తిరిగి రాలేదు. అప్పటికి 60 లక్షల జనాభా కూడా లేని దేశం అది.

మరి 2025 జనవరిలో ఏం జరిగింది? రెండోసారి గద్దెనెక్కబోతున్న ట్రంప్‌ను విలేకరులు అడిగారు, గ్రీన్‌లాండ్ కోసం సైనిక బలం వాడబోమని మాటిస్తారా అని. ఇవ్వనన్నారు. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగం. పోనీ రక్షణ కోసమే అనుకుందామా? 1951 ఒప్పందం ప్రకారం అక్కడ అమెరికా స్థావరం ఉండనే ఉంది. ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో ఇంకా ఎక్కువే ఉండేవి, తగ్గించుకున్నది అమెరికానే.

తగవులు కొత్త కావు. 1956లో సూయెజ్ విషయంలో బ్రిటన్, ఫ్రాన్స్‌ల మెడలు వంచింది అమెరికా. 1966లో డిగాల్ నాటో సైనిక కమాండ్ నుంచి ఫ్రాన్స్‌ను బయటికి తెచ్చారు. 2003లో ఇరాక్ యుద్ధానికి ఫ్రాన్స్, జర్మనీ ససేమిరా అన్నాయి. అయితే వీటిలో దేనిలోనూ మిత్రుడి నేల తనకిమ్మని అమెరికా అడగలేదు.

డబ్బు విషయంలో ట్రంప్ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. అంతకుముందు అధ్యక్షులూ ఆ మాటే అన్నారు, కాస్త మెత్తగా. 2014లో జీడీపీలో 2 శాతం రక్షణకు ఖర్చు చేస్తామని ఒప్పుకుని కూడా చాలా దేశాలు ఏళ్ల తరబడి నానబెట్టాయి. 2025 జూన్‌లో హేగ్‌లో 2035 నాటికి 5 శాతం అన్న లక్ష్యం పెట్టుకున్నారు. తంటాలు పడైనా తెస్తారేమో.

కానీ ఉపగ్రహాలు, నిఘా సమాచారం, అణు గొడుగు నాలుగేళ్లలో సమకూరేవి కావు. 2025 మార్చిలో ఉక్రెయిన్‌కు నిఘా సమాచారాన్ని అమెరికా కొన్నాళ్లు ఆపేస్తే, యూరప్ రాజధానులన్నీ ఉలిక్కిపడ్డాయి. రేపు మనకూ ఇంతేనా అని.

కంచె బలహీనపడితే బాగుచేసుకోవచ్చు. కంచే చేను వంక చూస్తోందని ఒకసారి అనుమానం వచ్చాక, రైతుకి రాత్రి నిద్ర పట్టదు. ఇప్పుడు డెన్మార్క్ పరిస్థితి అదే. పక్కనున్న చిన్న దేశాలన్నీ అది గమనిస్తున్నాయి. మాస్కో కూడా.